పన్నెండు చుట్ల రాగి తీగ.. ఓ ఆర్‌ఎఫ్ పాఠం

ఈసీఈ మూడో ఏడాదికి వచ్చేసరికి నెట్‌వర్క్ థియరీ చదివేసి ఉంటారు. రెజొనెన్స్, క్యూ ఫ్యాక్టర్, మ్యాగ్జిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థియరం.. అన్నీ రాసి మార్కులు కూడా తెచ్చుకుని ఉంటారు. ఇప్పుడో చిన్న ప్రశ్న. మీకు 5 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 4 ఆంపియర్ల కరెంటును అది తట్టుకోవాలి. ఏ తీగ తీసుకుంటారు? ఎంత లావు గొట్టం మీద, ఎన్ని చుట్లు చుడతారు? చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎంత ఖాళీ వదులుతారు?

‘షాపులో కొనేస్తాం’ అంటే కుదరదు. రెసిస్టర్ సైజులో దొరికే రెడీమేడ్ ఇండక్టర్‌ను అక్కడ పెడితే నిమిషం తిరగకుండానే పొగలొస్తాయి. ఈ కాయిల్‌ను ఎవరికి వాళ్లు లెక్కేసి చుట్టుకోవాల్సిందే. హ్యామ్ రేడియో ఆపరేటర్లు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. రేడియో ఫ్రీక్వెన్సీ రంగంలో ఉద్యోగం కావాలనుకునే వాళ్లకు ఇంతకన్నా చవకైన ల్యాబ్ మరొకటి దొరకదు.

అసలు ఆ కాయిల్ అక్కడ ఎందుకు?

పవర్ ఆంప్లిఫయర్‌కి అటువైపు యాంటెనా కేబుల్ ఉంటుంది. దాని ఇంపెడెన్స్ 50 ఓమ్‌లు. ఇటువైపు ట్రాన్సిస్టరో, వాల్వో ఉంటుంది. అది కోరుకునే లోడ్ ఎప్పుడూ 50 ఓమ్‌లు కాదు. ఈ రెండింటికీ మధ్యవర్తి అవుట్‌పుట్ నెట్‌వర్క్. దాంట్లో కెపాసిటర్లు కొనుక్కోవచ్చు, కాయిల్ మాత్రం చేసుకోవాలి.

ఇక్కడే చాలామంది పుస్తకం మాట విని పప్పులో కాలేస్తారు. మ్యాగ్జిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థియరం ప్రకారం సోర్స్ రెసిస్టెన్స్ ఎంతో లోడ్ అంతే ఉండాలి కదా అనుకుంటారు. అలా చేస్తే సామర్థ్యం సగానికి పడిపోతుంది. పవర్ ఆంప్లిఫయర్‌లో లెక్క వేరు. సప్లై వోల్టేజీ ఎంత, మనకు కావాల్సిన పవర్ ఎంత.. ఈ రెండూ చూసి ట్రాన్సిస్టర్ ఏ లోడ్‌ను చూడాలో మనమే నిర్ణయిస్తాం. వోల్టేజీ వర్గాన్ని పవర్‌కి రెట్టింపుతో భాగిస్తే చాలు. 12 వోల్టుల సప్లై, 5 వాట్ల అవుట్‌పుట్ అనుకోండి. 144ను 10తో భాగిస్తే 14.4 ఓమ్‌లు. ట్రాన్సిస్టర్ పూర్తిగా సున్నా వోల్టుల దాకా దిగదు కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే వస్తుంది. మొదటి అంచనాకు ఇది చాలు.

మొదలు 5 వాట్లతోనే

14.4 ఓమ్‌ల నుంచి 50 ఓమ్‌లకు వెళ్లాలి. దీనికి ఎల్ నెట్‌వర్క్ సరిపోతుంది. ట్రాన్సిస్టర్ వైపు నుంచి సిరీస్‌లో ఒక కాయిల్, యాంటెనా వైపు భూమికి ఒక కెపాసిటర్. 50ని 14.4తో భాగించి, ఒకటి తీసేసి, వర్గమూలం కడితే క్యూ వస్తుంది. అది దాదాపు 1.57. కాయిల్ రియాక్టెన్స్ అంటే క్యూని 14.4తో గుణించడమే, 22.6 ఓమ్‌లు. కెపాసిటర్‌ది 50ని క్యూతో భాగించడం, 31.8 ఓమ్‌లు. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఇవి 0.51 మైక్రోహెన్రీ, 705 పికోఫారడ్లు అవుతాయి. పేపరు మీద అంతే.

ఇప్పుడు చుట్టాలి. ఇంత చిన్న పవర్‌కి టొరాయిడ్ కోర్ హాయి. అంటే గారె ఆకారంలో ఉండే ఐరన్ పౌడర్ రింగు. టీ50-2 అనే ఎర్ర రంగు కోర్‌కి వంద చుట్లు చుడితే 49 మైక్రోహెన్రీలు వస్తాయని తయారీదారుల పట్టిక చెబుతుంది. ఇండక్టెన్స్ చుట్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి మనకు కావాల్సినవి 10 చుట్లు. తీగ రంధ్రంలోంచి ఒకసారి దూరితే ఒక చుట్టు. బయట కనిపించే తీగల్ని లెక్కపెట్టి ‘తొమ్మిదే ఉన్నాయి కదా’ అని ఇంకోటి చుట్టేస్తే పదకొండు అవుతాయి, ఇండక్టెన్స్ 20 శాతానికి పైగా పెరిగిపోతుంది. కొత్తవాళ్లలో సగం తిప్పలు ఈ లెక్క దగ్గరే.

మిగతా సగం తిప్పలు కోర్ రంగు దగ్గర. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో పాత కంప్యూటర్ సప్లైలు విప్పి తీసిన రింగులు కుప్పలుగా దొరుకుతాయి. పసుపు రంగులో, ఒక పక్క తెల్లగా ఉండే రింగు చూడగానే ‘ఇదీ పసుపే కదా’ అనిపిస్తుంది. రేడియో పనికి వాడే 6వ రకం కోర్ మొత్తం పసుపే. ఒక పక్క తెలుపు ఉన్నది 26వ రకం. అది కిలోహెర్ట్జ్‌లలో పనిచేసే సప్లైల కోసం చేసినది. 7 మెగాహెర్ట్జ్‌లో పెడితే మీ పవర్‌ని తినేసి వేడెక్కి కూర్చుంటుంది. సర్క్యూట్ అంతా కరెక్టే, అవుట్‌పుట్ మాత్రం రాదు. రోజంతా ట్రాన్సిస్టర్‌ని అనుమానిస్తూ గడపాల్సి వస్తుంది.

ఎల్ నెట్‌వర్క్ తర్వాత లోపాస్ ఫిల్టర్ తప్పనిసరి. 7.1 మెగాహెర్ట్జ్‌లో పంపే సిగ్నల్‌తో పాటు 14.2, 21.3 మెగాహెర్ట్జ్‌లలోనూ కొంత శక్తి బయల్దేరుతుంది. అది వేరేవాళ్ల సంభాషణలో దూరుతుంది. అన్ని రియాక్టెన్స్‌లూ 50 ఓమ్‌లే ఉండేలా కట్టే హాఫ్‌వేవ్ ఫిల్టర్ నేర్చుకునేవాళ్లకు సులువు. 1.12 మైక్రోహెన్రీల కాయిల్స్ రెండు, అంటే అదే ఎర్ర కోర్ మీద 15 చుట్ల చొప్పున. రెండు చివర్లా 450 పికోఫారడ్లు, మధ్యలో 900. కెపాసిటర్లు సిల్వర్ మైకానో, మంచి రకం సిరామికో అయ్యుండాలి. గోధుమ రంగు బిళ్ల కెపాసిటర్లు ఇక్కడ పనికిరావు.

పెద్ద కాయిల్ కథ వేరు

అసలు రుచి వాల్వ్ ఆంప్లిఫయర్‌లో ఉంది. రెండు 811ఏ వాల్వులు, 1,200 వోల్టులు, 330 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. సప్లై నుంచి తీసుకునేది దాదాపు 400 వాట్లు. 60 శాతం సామర్థ్యంతో యాంటెనాకు 240 వాట్లు వెళ్తాయి. ఈ తరగతి ఆంప్లిఫయర్లలో వోల్టేజీని, కరెంటుకు 1.57 రెట్లతో భాగించి లోడ్ లెక్కగడతారు. మన ఉదాహరణలో అది సుమారు 2,300 ఓమ్‌లు. 2,300 నుంచి 50కి దిగాలి. ఇక్కడ వాడేది పై నెట్‌వర్క్. మధ్యలో కాయిల్, రెండు పక్కలా తిప్పి సరిచేసుకునే కెపాసిటర్లు.

క్యూ ఎంత పెట్టాలి? పాత హ్యాండ్‌బుక్‌లన్నీ 12 అంటాయి. అది వేదవాక్యం కాదు గానీ దాని వెనుక న్యాయం ఉంది. క్యూ మరీ తగ్గిస్తే హార్మోనిక్స్ సరిగా ఆగవు. పెంచేస్తే ట్యూనింగ్ ఇరుకవుతుంది, కాయిల్ వేడెక్కుతుంది. 12 దగ్గర లెక్క కడితే 7.1 మెగాహెర్ట్జ్‌కి వాల్వ్ వైపు కెపాసిటర్ 116 పికోఫారడ్లు, యాంటెనా వైపు 654 పికోఫారడ్లు, కాయిల్ 4.8 మైక్రోహెన్రీలు వస్తాయి.

ఇక్కడ కాస్త ఆగండి. వాల్వ్ నుంచి బయటికొచ్చే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు ఎంత? 0.32 ఆంపియర్. అదే కాయిల్‌లో తిరిగే కరెంటు? 3.9 ఆంపియర్లు. పన్నెండు రెట్లు! క్యూ 12 అని పరీక్షలో రాసిన అంకెకు అసలు అర్థం ఇదే. ఊయల ఊపినట్టు, మనం తోసేది కొంచెమే. అది మాత్రం ఎంతో పెద్దగా ఊగుతుంది. ఆ ఊపును మోసేది కాయిలే. అందుకే ‘బయటికి వెళ్లేది రెండు ఆంపియర్లే కదా, సన్న తీగ చాలు’ అనుకుంటే దెబ్బతింటాం.

కాయిల్‌కి సొంత క్యూ ఒకటి ఉంటుంది. అంటే ఏ లోడూ లేనప్పుడు అదెంత నాణ్యంగా ఉందన్న కొలత. నెట్‌వర్క్ క్యూ, కాయిల్ సొంత క్యూ.. రెండింటికీ పేరు ఒకటే కాబట్టి విద్యార్థులు కలిపేసుకుంటారు. నాసిరకంగా చుట్టిన కాయిల్‌కి సొంత క్యూ 130 ఉందనుకోండి. పై లెక్క ప్రకారం దాంట్లోనే 25 వాట్లు వేడిగా పోతాయి. మీ ల్యాబ్‌లోని సోల్డరింగ్ ఐరన్ ఎంత కాలుతుందో తెలుసుగా, అది కూడా ఇంచుమించు 25 వాట్లే. దాన్ని కాయిల్‌లోనే పెట్టి మూత వేసినట్టు. అదే సొంత క్యూ 400 ఉన్న కాయిల్‌లో పోయేది 8 వాట్లే. ఫ్యాను గాలికి చల్లగా ఉంటుంది. రెండింటికీ రాగి ఖర్చులో పెద్ద తేడా ఉండదు. చుట్టడంలోనే అంతా ఉంది.

తీగ లావు, గొట్టం సైజు

అధిక ఫ్రీక్వెన్సీలో కరెంటు తీగ మధ్యలోంచి పోదు, పైపొర మీదే పరుగెడుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం 0.025 మిల్లీమీటర్. అందుకే పై బ్యాండ్ల కాయిల్స్‌కి ఏసీ మెకానిక్‌లు వాడే పావు అంగుళం రాగి పైపు పెడతారు. లోపల బోలుగా ఉన్నా నష్టం లేదు, ఎటూ అక్కడ కరెంటు లేదు. కావాల్సిందల్లా ఎక్కువ ఉపరితలం. ఇదే కారణంగా మాసిపోయి పచ్చగా చిలుం పట్టిన తీగ వద్దు. పలచటి తీగలు పేనిన మామూలు వైరింగ్ కేబుల్ కూడా వద్దు.

మన 4.8 మైక్రోహెన్రీల కాయిల్‌కి 2 మిల్లీమీటర్ల తీగ, అంటే 14 గేజ్, సరిపోతుంది. మోటార్ వైండింగ్ షాపుల్లో కిలోల లెక్కన అమ్ముతారు. ఎన్ని చుట్లన్నది హెరాల్డ్ వీలర్ 1928లో ఇచ్చిన సూత్రం చెబుతుంది. సెంటీమీటర్లలో అయితే ఇలా: వ్యాసార్ధం వర్గాన్ని చుట్ల వర్గంతో గుణించి, 0.394తో గుణించాలి. వచ్చినదాన్ని, వ్యాసార్ధానికి 9 రెట్లు, పొడవుకు 10 రెట్లు కలిపిన మొత్తంతో భాగించాలి. సమాధానం మైక్రోహెన్రీల్లో వస్తుంది. వ్యాసం 5 సెంటీమీటర్లు, పొడవూ 5 సెంటీమీటర్లే పెట్టి చూడండి. 12 చుట్లు. అంటే ఒక్కో చుట్టుకు 4 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ చోటు. తీగ 2, ఖాళీ 2. తీగ లావంత ఖాళీ వదలడం, పొడవు వ్యాసానికి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండటం.. మంచి క్యూకి ఈ రెండూ కుదిరాయి.

చుట్టడానికి ఒకటిన్నర అంగుళం జీఐ పైపు ముక్క తీసుకోండి. దాని బయటి వ్యాసం 48 మిల్లీమీటర్ల చిల్లర. దాని మీద 2 మిల్లీమీటర్ల తీగ చుడితే, తీగ మధ్య నుంచి మధ్యకు 50 అవుతుంది. మనకు కావాల్సింది అదే. తీగ ఒక కొసను గట్టిగా కట్టేసి, రెండో కొస పట్టుకుని లాగి పట్టుకుంటూ, పైపునే తిప్పుతూ దగ్గర దగ్గరగా చుట్టాలి. వదిలాక కాయిల్ కాస్త విప్పారుతుంది. అది మామూలే. తర్వాత పైపు తీసేయండి. ఇనుము లోపల ఉంటే కాయిల్ కాయిల్‌లా ఉండదు. చుట్ల మధ్య అదే 2 మిల్లీమీటర్ల తీగను ఇంకోటి మరలా తిప్పుతూ దూర్చి తీసేస్తే, ఖాళీలన్నీ సమానంగా వస్తాయి. నిలబెట్టడానికి ఫైబర్‌గ్లాస్ షీటో, టెఫ్లాన్ ముక్కలో వాడండి. పీవీసీ పైపు మీద ఉంచేసి నడిపితే తీగ వేడికి అది మెత్తబడుతుంది.

బాక్సులో బిగించేటప్పుడు ఇరికించొద్దు. కాయిల్ చివర్ల దగ్గర కనీసం దాని వ్యాసమంత, పక్కల్లో అందులో సగం ఖాళీ ఉంచాలి. అల్యూమినియం గోడ దగ్గరైతే దాంట్లో ఎడ్డీ కరెంట్లు పుట్టి ఇండక్టెన్స్, క్యూ రెండూ పడిపోతాయి. టేబుల్ మీద కొలిస్తే 4.8 వచ్చింది, బాక్సులో పెట్టాక 4.3 ఉందంటే దోషం సూత్రానిది కాదు.

ఇప్పుడు కొలవడం సులువైపోయింది. కొన్ని వేల రూపాయల్లో దొరికే నానో వీఎన్‌ఏ ఉంటే ఇండక్టెన్స్, రెజొనెన్స్ రెండూ చూసేయొచ్చు. అది లేకపోతే, విలువ తెలిసిన కెపాసిటర్‌తో జతచేసి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనేట్ అవుతుందో సిగ్నల్ జనరేటర్‌తో, ఆసిలోస్కోప్‌తో పట్టుకోవచ్చు. మీ కాలేజీ ల్యాబ్‌లో ఈ రెండూ ఉంటాయి. చుట్టేముందు సర్క్యూట్‌ను ఎల్‌టీ స్పైస్‌లో నడిపి చూడండి. ఉచితమే. అయితే అందులో కాయిల్‌కి సిరీస్ రెసిస్టెన్స్ ఇవ్వడం మరిచిపోకండి. సిమ్యులేటర్‌కి మీరు చెప్పకపోతే కాయిల్ ఎప్పటికీ వేడెక్కదు.

28 మెగాహెర్ట్జ్ దగ్గర మరో చిక్కు. అక్కడ లెక్క ప్రకారం వాల్వ్ వైపు కెపాసిటర్ 30 పికోఫారడ్లలోపే ఉండాలి. వాల్వ్ సొంత కెపాసిటెన్స్, వైరింగ్, తిప్పే కెపాసిటర్ కనీస విలువ.. ఇవే అంతకు మించిపోవచ్చు. అప్పుడు క్యూ మనం అనుకున్న 12 దగ్గర ఉండదు, పెరిగిపోతుంది. కరెంటూ పెరుగుతుంది. అందుకే పెద్ద ఆంప్లిఫయర్లలో 10 మీటర్ల బ్యాండ్ కాయిల్ విడిగా, రాగి పైపుతో, పెద్ద కాయిల్‌కి అడ్డంగా బిగించి ఉంటుంది. రెండిటి అయస్కాంత క్షేత్రాలు కలవకూడదని అలా పెడతారు.

ప్రాణంతో చెలగాటం వద్దు

ఇది మాత్రం సూటిగా చెప్పాలి. 1,200 వోల్టుల డీసీ మనిషిని చంపేస్తుంది. రెండోసారి నేర్చుకునే అవకాశం ఉండదు. మెయిన్ స్విచ్ ఆపినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి మిగిలే ఉంటుంది. బ్లీడర్ రెసిస్టర్ ఉండాలి, అయినా దాన్ని నమ్మకుండా ఇన్సులేషన్ పిడి ఉన్న గ్రౌండింగ్ కర్రతో ముట్టించి చూశాకే చెయ్యి పెట్టాలి. హాస్టల్ గదిలో, అర్ధరాత్రి, ఒంటరిగా ఈ పని అసలొద్దు.

అవుట్‌పుట్ దగ్గర, యాంటెనా సాకెట్‌కీ భూమికీ మధ్య ఒక చిన్న రేడియో ఫ్రీక్వెన్సీ చోక్ కనిపిస్తుంది. సిగ్నల్ విషయంలో అది చేసేదేమీ లేదు. ‘ఎందుకులే’ అని తీసేసేవాళ్లున్నారు. హైవోల్టేజీని ఆపే కెపాసిటర్ ఎప్పుడైనా షార్టయితే ఆ 1,200 వోల్టులు నేరుగా యాంటెనా తీగలోకి, అంటే మీ మేడమీది బట్టల దండెం పక్కకు వెళ్తాయి. చోక్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి దిగి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇంటర్వ్యూలో సర్క్యూట్ చూపించి ‘ఇదెందుకు?’ అని అడగడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. మీరు 12 వోల్టులతోనే మొదలుపెట్టండి. ఎర్ర కోర్ మీద పది చుట్లు నేర్పేది తక్కువేం కాదు.

లైసెన్స్ లేనిదే ఆన్ చేయొద్దు

ఎంత చిన్నదైనా ట్రాన్స్‌మిటర్‌ను గాల్లోకి నడపాలంటే మనదేశంలో అమెచ్యూర్ లైసెన్స్ కావాలి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దీన్ని చూస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. రిస్ట్రిక్టెడ్‌కి గరిష్ఠంగా 50 వాట్లు, జనరల్‌కి 400 వాట్లు. రేడియో థియరీ, నిబంధనలు రెండింటికీ ఉంటాయి. జనరల్‌కి అదనంగా మోర్స్ కోడ్ పంపడం, అందుకోవడం రావాలి. ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లకు థియరీ కొట్టినపిండి, నిబంధనలే కూర్చుని చదవాలి. లైసెన్స్ వచ్చేదాకా మీ ఆంప్లిఫయర్‌ని 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌కే కట్టి పరీక్షించండి.

హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున వెళ్లిన హ్యామ్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి క్షేమ సమాచారాలు మోసింది వాళ్ల రేడియోలే. అలాంటి రోజున అవుట్‌పుట్ కాయిల్ కాలిపోతే విడిభాగాల షాపు ఉండదు. ఉన్న తీగతో మళ్లీ చుట్టగలిగిన మనిషే కావాలి.

ఉద్యోగం సంగతి

‘ఇదంతా హాబీయే కదా, కొలువెక్కడ?’ అని ఇంట్లో అడుగుతారు. అడగాలి కూడా. ఆకాశవాణి పెద్ద ట్రాన్స్‌మిటర్లలో ఉన్నదీ ఇదే నెట్‌వర్క్, కాకపోతే కాయిల్ మనిషంత ఉంటుంది. చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో ప్లాస్మా ఎచింగ్ యంత్రాలు 13.56 మెగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. అక్కడి మ్యాచింగ్ నెట్‌వర్క్ మీ ఎల్, పై నెట్‌వర్క్‌లకు దగ్గరి చుట్టమే. ఎమ్మారై స్కానర్‌లో రోగి చుట్టూ ఉండేది ట్యూన్ చేసిన కాయిల్. వైర్‌లెస్ ఛార్జర్, మెట్రో కార్డు, ఇండక్షన్ ఫర్నేస్.. అన్నిచోట్లా కాయిల్ క్యూ మీదే గొడవ.

మన దగ్గర హైదరాబాద్‌లో ఈసీఐఎల్, డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఎల్‌ఆర్‌ఎల్, ప్రైవేటులో ఆస్ట్రా మైక్రోవేవ్ ఉన్నాయి. బీఈఎల్, సమీర్ లాంటి సంస్థల నోటిఫికేషన్లూ చూస్తుండండి. రాతపరీక్షకు గేట్ స్థాయి ఎలక్ట్రోమ్యాగ్నెటిక్స్, నెట్‌వర్క్స్ పట్టు కావాలి. దానికి దొడ్డిదారి లేదు. కాయిల్ చుట్టినంత మాత్రాన ర్యాంకు రాదు. అయితే ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లాక లెక్క మారుతుంది. రెజ్యూమెలో ‘ఆర్‌ఎఫ్ అంటే ఆసక్తి’ అని రాసుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. ‘ఏడు మెగాహెర్ట్జ్ ఆంప్లిఫయర్ కట్టాను, కాయిల్ లెక్కలో 0.51 వచ్చింది, కొలిస్తే 0.58 వచ్చింది, ఒక చుట్టు విప్పాను’ అని కొలతల నోట్‌బుక్ తెరిచి చూపించేవాళ్లు తక్కువ.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకీ ఇది పనికొస్తుంది. ఒకే 4.8 మైక్రోహెన్రీల కాయిల్‌ను నాలుగు రకాలుగా చుట్టండి: సన్న తీగతో దగ్గరగా, లావు తీగతో ఎడంగా, పీవీసీ మీద, గాల్లో. నాలుగింటి క్యూ కొలవండి. తర్వాత ప్రతిదాన్నీ ఒక అల్యూమినియం డబ్బాలో పెట్టి మళ్లీ కొలవండి. ఖర్చు రాగి తీగ, డబ్బా.. అంతే. ఒక్కో కాయిల్‌కి దాదాపు రెండు మీటర్ల తీగ పడుతుంది, కాళ్ల కోసం ఇంకో జానెడు కలుపుకుని కొనండి.